చేతిలో 12 వేలు, కొత్త బండి: రైడింగ్ గేర్‌లో ముందు ఏది కొనాలి, ఏది ఆపుకోవచ్చు

మా బాబాయి కొడుకు పోయిన దసరాకి హన్మకొండలో 160 సీసీ బండి తీసుకున్నాడు. ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను, కొబ్బరికాయ ఖర్చు అన్నీ పోను వాడి చేతిలో 12,000 రూపాయలు మిగిలాయి. ఆ రాత్రే ఫోన్ చేశాడు. "అన్నా, ఒక జాకెట్ చూసిన. ఎనిమిదిన్నర వేలు. మిగిలినదాంట్ల గ్లౌజులు, బూట్లు వస్తయి. హెల్మెట్ అంటవా, షోరూమోళ్ళు ఇచ్చిందే ఉంది కదా."

మొదటి బండి కొన్నవాళ్ళలో చాలామంది వేసే లెక్క ఇదే. జాకెట్ అద్దంలో కనిపిస్తుంది, ఫొటోలో కనిపిస్తుంది. నేను వాడి లెక్కను పూర్తిగా తిరగేయమన్నాను. ఎందుకన్నానో, ఏ వస్తువును దేనితో పోల్చి చూశానో ఇక్కడ రాస్తున్నాను. ధరలు నేను దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో చూసిన సుమారు ధరలు. పండగ ఆఫర్లలో కొంత తగ్గుతాయి.

నేను వాణ్ని రెండు ప్రశ్నలు అడిగాను. కింద పడితే నీ ఒంట్లో ఏది దెబ్బతింటే మళ్ళీ బాగుపడదు? నువ్వు కొనే వస్తువును ఏప్రిల్ మధ్యాహ్నం కాజీపేట బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో కూడా ఒంటి మీద ఉంచుకుంటావా? ఈ రెండింటికీ నిలబడిన వస్తువుకే ముందు డబ్బు పెట్టాలి. ఎనిమిదిన్నర వేల జాకెట్ మొదటి ప్రశ్నలో తల తర్వాతే వస్తుంది. రెండో ప్రశ్న దగ్గర వాడు ఫోన్‌లో కాసేపు ఏమీ మాట్లాడలేదు.

కొత్తవాళ్ళు ఎలా పడతారు

హైవే మీద వంద దాటిన వేగంలో జరిగే ప్రమాదాలే మన కళ్ళ ముందు మెదులుతాయి. నేర్చుకునేవాళ్ళు పడేది ఎక్కువగా ముప్పై, నలభై వేగంలో. మలుపులో పేరుకున్న ఇసుక మీద ముందు బ్రేకు గట్టిగా పట్టేస్తారు. తొలకరి వానకు తడిసిన జీబ్రా గీతల మీద చక్రం జారుతుంది. మా వైపు యాసంగి కోతలయ్యాక రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోస్తారు. రాత్రిపూట కుప్ప మీద నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ బండరాళ్ళు పెడతారు. హెడ్‌లైట్ వెలుగులో ఆ రాయి కనిపించేసరికి దాని మీదికే వచ్చేసి ఉంటాం.

వేగం తక్కువే కదా అని తలను తేలిగ్గా తీసుకోకూడదు. ఆగి ఉన్న బండి మీంచి పక్కకు ఒరిగిపోయినా, సుమారు 1.6 మీటర్ల ఎత్తు నుంచి తల నేలకు తగిలేసరికి దాని వేగం గంటకు 20 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అక్కడ డివైడర్ అంచు ఉంటే ఆ వేగం చాలు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్ళే. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదిక లెక్క చెప్పింది. అందులో 35,692 మంది బండి నడిపేవాళ్ళు, 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. ఈ రెండో అంకెను గుర్తు పెట్టుకోండి, డబ్బు పంచేటప్పుడు మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

హెల్మెట్: ఎక్కువ డబ్బు, ఎక్కువ ఓపిక ఇక్కడే

సగం హెల్మెట్, ముఖం తెరిచి ఉండేది, గడ్డం పైకి లేచే మాడ్యులర్, పూర్తిగా మూసి ఉండే ఫుల్‌ఫేస్. దుకాణంలో కనిపించేవి ఈ నాలుగు రకాలు. సగం హెల్మెట్‌ను నేను లెక్కలోకే తీసుకోను, పోలీసు చలానా తప్పించుకోవడానికి తప్ప అది దేనికీ పనికిరాదు. ముఖం తెరిచి ఉండేదానికి, ఫుల్‌ఫేస్‌కు మధ్యే అసలు పోటీ. ప్రమాదాలకు గురైన హెల్మెట్ల మీద దెబ్బలు ఎక్కడెక్కడ పడ్డాయో జర్మనీలో డైట్‌మార్ ఓటే అనే పరిశోధకుడు గుర్తించాడు. మూడో వంతుకు పైగా దెబ్బలు గడ్డం చుట్టూనే ఉన్నాయి. ముఖం తెరిచిన హెల్మెట్‌లో అక్కడ అడ్డుగా ఏమీ ఉండదు. దవడ, పళ్ళు, ముక్కు నేరుగా తారుకు తగులుతాయి. 1,500 రూపాయల్లో రెండు రకాలూ దొరుకుతున్నప్పుడు ఫుల్‌ఫేస్ వదిలి రెండోది తీసుకోవడానికి నాకు కారణం కనిపించదు. గాలాడదు అన్నది నిజమే. నుదుటి దగ్గర, గడ్డం దగ్గర తెరిచి మూసే రంధ్రాలున్నది చూసుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

మాడ్యులర్ కళ్ళద్దాల వాళ్ళకు సుఖం. కానీ చవక మాడ్యులర్‌లో గడ్డం భాగం తెరుచుకునే కీలు, దాని కొక్కెం బలహీనంగా ఉంటాయి. కొనాల్సి వస్తే పట్టీ మీద ఈసీఈ (యూరప్ ప్రమాణం) లేబుల్‌లో "పి/జె" అని ఉందేమో చూడండి. గడ్డం మూసినా తెరిచినా పరీక్షలో నెగ్గింది అని దానర్థం. ఐదు వేల లోపు నేనైతే మామూలు ఫుల్‌ఫేస్ తోనే ఆగుతాను.

ఇక ముద్రల సంగతి. ఇక్కడే కొత్తవాళ్ళు తికమకపడతారు, దుకాణదారులు దాన్ని వాడుకుంటారు.

ఐఎస్ఐ ముద్ర మన దేశంలో తప్పనిసరి. ప్రమాణం పేరు ఐఎస్ 4151. ఆ ముద్ర లేని హెల్మెట్‌ను తయారుచేయడం, అమ్మడం 2021 జూన్ 1 నుంచి నిషేధం. డాట్ అన్నది అమెరికా ముద్ర. అక్కడ తయారీదారే తన హెల్మెట్ ప్రమాణానికి సరిపోతుందని చెప్పుకుంటాడు, ప్రభుత్వం ఆ తర్వాత బజార్లో కొన్నిటిని తీసి పరీక్షిస్తుంది. కాబట్టి మన ఫుట్‌పాత్ హెల్మెట్ వెనక డాట్ అని స్టిక్కర్ ఉంటే దానికి విలువ లేదు, ఆ స్టిక్కర్ ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. ఈసీఈ యూరప్ ప్రమాణం, అమ్మకానికి ముందే ప్రయోగశాలలో నెగ్గాలి. దాని పాత రూపం 22.05లో హెల్మెట్‌ను సెకనుకు 7.5 మీటర్ల వేగంతో నిర్ణీత చోట్ల దిమ్మెకు కొట్టేవాళ్ళు. 2021లో అమల్లోకి వచ్చిన 22.06లో 6 మీటర్ల తక్కువ వేగంతోనూ 8.2 మీటర్ల ఎక్కువ వేగంతోనూ కొడతారు, ఎక్కువ చోట్ల కొడతారు, ఏటవాలుగా కొట్టి తల ఎంత గిర్రున తిరుగుతుందో కూడా కొలుస్తారు. మెదడుకు ఆ మెలి తిరుగుడే పెద్ద హాని చేస్తుంది కాబట్టి ఇది మంచి మార్పు. లేబుల్‌ను గుర్తుపట్టడం సులువు: గడ్డం పట్టీకి కుట్టిన చిన్న గుడ్డ మీద వలయంలో ఇంగ్లిష్ ఈ అక్షరం, పక్కన దేశం అంకె, కింద 05 తోనో 06 తోనో మొదలయ్యే నంబరు.

మరి 1,500 పెట్టి స్టడ్స్, వేగా, స్టీల్‌బర్డ్ లాంటి వాటిలో ఐఎస్ఐ ఫుల్‌ఫేస్ కొనాలా, 4,500 నుంచి 6,000 పెట్టి ఆక్సర్, ఎస్ఎంకే, ఎల్‌ఎస్2, ఎంటీ లాంటి వాటిలో ఐఎస్ఐతో పాటు ఈసీఈ కూడా ఉన్నది కొనాలా? మధ్యలో మూడు వేల తేడాకు ఏం వస్తుందో చూద్దాం. రెండో ముద్ర వస్తుంది. మెత్తని, విప్పి ఉతుక్కోగలిగే లోపలి దిండ్లు వస్తాయి. వానలో ఆవిరి పట్టకుండా పిన్‌లాక్ అనే రెండో పొర బిగించుకునే వీలున్న వైజర్ (ముఖం ముందుండే అద్దం) వస్తుంది. గాలి రంధ్రాలు నిజంగా పనిచేస్తాయి, పేరుకు మాత్రమే చెక్కినవి కావు. రోజుకు పది కిలోమీటర్లు ఊళ్ళోనే తిరిగేవాళ్ళకు 1,500ది చాలు, సరైన సైజులో తీసుకుంటే. రింగు రోడ్డు, హైవే ఎక్కేవాళ్ళు రెండోదానికి వెళ్ళాలని నా గట్టి అభిప్రాయం. మా తమ్ముడు వారానికోసారి వరంగల్ నుంచి హైదరాబాద్ పోతాడు, అందుకే వాడిచేత 4,500ది కొనిపించాను. షోరూమ్ హెల్మెట్ సంగతి: బండితో పాటు ఐఎస్ఐ హెల్మెట్ ఇవ్వాలన్నది కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది, కాబట్టి అడిగి తీసుకోండి. వాడికిచ్చింది ముఖం తెరిచినది, పైగా వాడి తలకు రెండు వేళ్ళు వదులు.

సైజు మాటకొస్తే, వెయ్యి రూపాయల హెల్మెట్ సరిగ్గా పట్టేస్తే, పది వేల హెల్మెట్ వదులుగా ఉంటే, నేను వెయ్యిదే తీసుకుంటాను. వదులు హెల్మెట్ పడేటప్పుడు ఊడిపోతుంది, లేదా నుదుటి మీంచి వెనక్కి జారిపోతుంది. దర్జీ టేపుతో కనుబొమలకు కాస్త పైన, చెవుల మీదుగా, తల వెనక ఉబ్బెత్తు భాగం చుట్టూ కొలవండి. 57, 58 సెంటీమీటర్లు వస్తే మామూలుగా ఎం, 59, 60 అయితే ఎల్. కంపెనీని బట్టి ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుంది. పెట్టుకున్నాక బుగ్గలు కొంచెం నొక్కుకుపోయి మాట్లాడితే లోపలి చర్మం పళ్ళకు తగలాలి. హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకుని పక్కలకు తిప్పితే దాంతో పాటు ముఖం చర్మం కదలాలి, హెల్మెట్ ఒక్కటే తిరగకూడదు. పట్టీ బిగించి వెనక నుంచి ముందుకు ఎత్తి లాగండి. ఊడి వచ్చిందా, అది మీ హెల్మెట్ కాదు. పది నిమిషాలు దుకాణంలోనే పెట్టుకుని కూర్చోండి. నుదుటి మీద ఒకచోటే నొప్పి పుడితే సైజు సరైనదే, మీ తల ఆకారానికి ఆ మోడల్ కుదరలేదు. గుండ్రని తలలు, పొడవాటి తలలు వేరు, కాబట్టి ఇంకో కంపెనీది చూడండి. బుగ్గల దగ్గరి బిగువు నెల రోజుల్లో తగ్గుతుంది, నుదుటి నొప్పి తగ్గదు.

ఫుట్‌పాత్ మీద 400, 500కు అమ్మేవాటి మీద కూడా ఐఎస్ఐ అని అచ్చు ఉంటుంది. అసలు ముద్రకు పైన ఐఎస్ నంబరు, కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఇచ్చిందో వస్తుంది. రెండు నిమిషాల పని. నేను ఒకసారి రోడ్డు పక్కన కొన్న హెల్మెట్ లోపలి గుడ్డ విప్పి చూస్తే థర్మకోల్ పొర నడినెత్తి దగ్గర అసలు లేదు, పక్కల మాత్రమే ఉంది. దెబ్బను మింగేది ఆ థర్మకోలే, పై డొప్ప దాన్ని పరిచి పంచుతుందంతే. ఆ థర్మకోల్ ఒకసారి నలిగితే మళ్ళీ లేవదు. అందుకే తల ఆనేలా పడ్డాక బయటికి గీత కూడా లేకపోయినా ఆ హెల్మెట్‌ను పక్కన పడేయాలి. ఏ ప్రమాదం చూసొచ్చిందో తెలియని సెకండ్‌హ్యాండ్ హెల్మెట్‌ను ఎంత చవకైనా కొనకూడదు.

వైజర్ తెల్లదే తీసుకోండి. నల్లది పగలు బాగుంటుంది గానీ సాయంత్రం పొలాల మధ్య పురుగులు కొడుతున్నప్పుడు దాన్ని ఎత్తక తప్పదు, ఎత్తితే కళ్ళలో పడతాయి. పట్టీ విషయంలో ప్లాస్టిక్ బటన్ కొక్కెం కంటే పళ్ళున్న మైక్రోమెట్రిక్ మేలు, రెండు రింగుల్లోంచి పట్టీని దూర్చి లాగే డబుల్ డీ రింగు ఇంకా నమ్మకం. ఏదైనా సరే బిగించాలి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా పట్టీతో గట్టిగా బిగించి ఉండాలనే చెబుతుంది. హెల్మెట్ లేకపోతే 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు.

గ్లౌజులు

పదేళ్ళ కిందట నేను ఒక స్పీడ్‌బ్రేకర్ దాటాక ఇసుకలో జారి పడ్డాను. వేగం ముప్పై కూడా ఉండదు. తలకు హెల్మెట్ ఉంది, ఏం కాలేదు. రెండు అరచేతులూ దోక్కుపోయాయి. మూడు వారాలు కుడిచేత్తో అన్నం కలుపుకోలేకపోయాను, అమ్మ తినిపించింది. ఎవరు పడినా ముందు చేతులే నేలకు ఆన్చుతారు, అది మన చేతిలో ఉన్న పని కాదు. అందుకే నా వరుసలో హెల్మెట్ తర్వాత గ్లౌజులు వస్తాయి. ఒళ్ళు గీరుకోవడమొక్కటే కాదు. అరచేయి నేలకు పట్టేసుకుని ఆగిపోతే మణికట్టులో బొటనవేలి వైపు ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరుగుతుంది. దానికి రక్తం సరిగా అందదు, అతుక్కోవడానికి నెలలు పడుతుంది. అరచేతి కింది భాగంలో గట్టి ప్లాస్టిక్ ముక్క ఉన్న గ్లౌజు నేల మీద పట్టుకోకుండా జారుతుంది. ధర చూసే ముందు అరచేయి వైపు తిప్పి ఆ ముక్క ఉందో లేదో చూడండి.

మూడు రకాలు పోల్చుకోవచ్చు. 300 రూపాయల సగం వేళ్ళ జిమ్ గ్లౌజులు పట్టుకు తప్ప పడితే పనికిరావు. 600, 800కు దొరికే గుడ్డ గ్లౌజులు పైన పిడికిలి దగ్గర ప్లాస్టిక్ డొప్పతో భలేగా కనిపిస్తాయి, అరచేయి మాత్రం పలచని రెక్సిన్. 1,500 నుంచి 2,200 మధ్య మేక తోలు అరచేయి, పైన గాలాడే జాలీ, జారే ముక్క ఉన్నవి వస్తాయి. మన ఎండలకు ఇవే సరైనవి. ఈఎన్ 13594 అనే యూరప్ ప్రమాణం లేబుల్ లోపల ఉంటే, పక్కన 1 కేపీ అని ఉంటే పిడికిలి రక్షణ కూడా పరీక్షించారన్నమాట. మణికట్టు పట్టీ బిగించాక రెండో చేత్తో వేళ్ళ కొసలు పట్టుకుని గట్టిగా లాగండి. ఊడొస్తే పడేటప్పుడు కూడా ఊడొస్తుంది.

కాళ్ళకు: రైడింగ్ బూట్లా, సేఫ్టీ షూలా

ఇక్కడ డబ్బు ఆదా చేయొచ్చు, నేను చేయమంటాను. అసలు రైడింగ్ బూట్లు ఐదు వేల దగ్గర మొదలవుతాయి. బండి కాలి మీద పడ్డప్పుడు పాదం నలగకుండా, చీలమండ మెలిపడకుండా అవి ఆపుతాయి. కొత్తవాళ్ళకు 1,000, 1,500లో ఫ్యాక్టరీ వాళ్ళు వేసుకునే చీలమండ పైదాకా వచ్చే తోలు సేఫ్టీ షూ మధ్యేమార్గం. ఐఎస్ 15298 ముద్ర ఉన్నవి హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. చీలమండ మెలిపడకుండా రైడింగ్ బూటు చేసే పని ఇవి చేయవు, కానీ హవాయి చెప్పులకూ వీటికీ ఉన్న దూరంతో పోలిస్తే వీటికీ రైడింగ్ బూట్లకూ ఉన్న దూరం చిన్నది. రెండు జాగ్రత్తలు. ముందు భాగంలో ఉక్కు టోపీ లావుగా ఉంటే గేరు లీవరు కిందికి వేళ్ళు దూరవు, కాబట్టి బండి మీద కూర్చుని గేరు వేసి చూడండి. షూలేసులను లోపలికి దోపేయండి, ఎడమవైపు లేసు గేరు లీవరుకు చుట్టుకుంటే సిగ్నల్ దగ్గర కాలు కిందపెట్టలేక బండితో సహా పడిపోతారు.

జాకెట్, మోకాలి గార్డులు

వాడు ముచ్చటపడ్డ జాకెట్ మంచిదే. నా పేచీ వరుస గురించే. అదీ కాక జాకెట్ల లేబుళ్ళు చదవడం తెలియకపోతే ఎనిమిదిన్నర వేలకు కూడా మోసపోతాం.

గుడ్డ ఎంతసేపు తారుకు ఆగుతుందో యూరప్ ప్రమాణం ఈఎన్ 17092 చెబుతుంది. ట్రిపుల్ ఏ, డబుల్ ఏ, సింగిల్ ఏ అని మెట్లు. తొందరగా ఆనే భుజాలు, మోచేతుల దగ్గరి గుడ్డను ట్రిపుల్ ఏ కి గంటకు 120 కిలోమీటర్ల వేగానికి సరిపడా, డబుల్ ఏ కి 70కి, సింగిల్ ఏ కి 45కి సరిపడా రాపిడి పరీక్షలో పెడతారు. మన బడ్జెట్ జాలీ జాకెట్లు ఎక్కువగా సింగిల్ ఏ, కొన్ని డబుల్ ఏ. ఊళ్ళో వేగాలకు సింగిల్ ఏ సరిపోతుంది. తోలు జాకెట్ రాపిడికి అన్నిటికన్నా మిన్న. కానీ రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో తోలు జాకెట్ వేసుకుని తిరిగేవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు. కొక్కేనికి వేలాడే ట్రిపుల్ ఏ కంటే ఒంటి మీదున్న సింగిల్ ఏ జాలీ జాకెట్‌నే ఎంచుకుంటాను.

గుడ్డ ఒక సంగతి, లోపలి ప్యాడ్లు ఇంకో సంగతి. మోచేయి, భుజం, మోకాలి ప్యాడ్లకు ఈఎన్ 1621-1, వీపుకు 1621-2. వీపుకు పెట్టే లెవెల్ 1 ప్యాడ్ మీద కొడితే అవతలికి సగటున 18 కిలోన్యూటన్ల దాకా బలం దాటొచ్చు, లెవెల్ 2లో 9 కిలోన్యూటన్లే. అంటే సగం. ధర తేడా జతకు కొన్ని వందలే కాబట్టి ఎంచుకునే వీలుంటే లెవెల్ 2 తీసుకోండి. చాలా చవక జాకెట్లలో వీపు జేబులో ఉండేది సోఫాలో వేసేలాంటి ఉత్త ఫోమ్, దాని మీద ఏ నంబరూ ఉండదు. జేబు జిప్పు తీసి ప్యాడ్‌ను బయటికి లాగి చూడకుండా జాకెట్ కొనకండి. దుకాణదారుడు వద్దంటే ఇంకో దుకాణం చూసుకోండి.

జాకెట్‌కు బదులు లోపల వేసుకునే ఆర్మర్ షర్టులు వస్తున్నాయి. ఒంటికి అతుక్కునే వల లాంటి చొక్కా, దానికి ప్యాడ్లు కుట్టి ఉంటాయి. పైన మామూలు చొక్కా వేసుకోవచ్చు, ఆఫీసుకు బాగుంటుంది. ఇవి దెబ్బను ఆపుతాయి, రాపిడిని ఆపవు. పైన మందపాటి డెనిమ్ చొక్కా ఉండాలి, అదీ కొంతవరకే.

మోకాళ్ళకైతే నాలుగు ముక్కల సెట్ 900 రూపాయలకు దొరుకుతుంది, రెండు మోకాళ్ళకు రెండు మోచేతులకు, పైన గట్టి ప్లాస్టిక్. సీఈ అనే యూరప్ ముద్ర ఉన్న మోకాలి గార్డులు 2,000 దాకా, మోచేతి గార్డులు 1,000, 1,200. 900 సెట్‌లో ఎలాస్టిక్ రెండు నెలల్లో సాగిపోయి, పడ్డప్పుడు గార్డు పిక్క మీదికి తిరిగిపోతుంది, మోకాలి చిప్ప బయటే ఉంటుంది. వెనక కనీసం రెండు పట్టీలు, లోపల అంటుకునే రబ్బరు పొర ఉన్నవి తీసుకోండి. వాడి జాకెట్ డబ్బులోంచి 3,000 ఇక్కడికి మళ్ళించాను. ప్యాంటు మీదే కట్టుకుంటాడు, ఆఫీసులో అర నిమిషంలో విప్పేస్తాడు. జాకెట్‌కు మోకాళ్ళుండవు కదా!

ఆడవాళ్ళకు, స్కూటర్ వాళ్ళకు

స్కూటర్ కదా అని రైడింగ్ గేర్ తగ్గించుకోనక్కర్లేదు. చిన్న చక్రాలు గుంతల్లో ఇంకా తేలిగ్గా తడబడతాయి. జడను మెడ దగ్గర కిందికి వేసుకోండి. హెల్మెట్ లోపల ముడి, క్లిప్పు ఉంటే అది సరిగా కూర్చోదు, దెబ్బ తగిలితే క్లిప్పే గుచ్చుకుంటుంది. చున్నీని వీపు వెనక ముడి వేసి పైన జాకెట్ జిప్పు వేసేయండి. చక్రంలో చిక్కుకుని మెడకు బిగుసుకున్న సంఘటనలు మీ ఊళ్ళోనూ వినే ఉంటారు. గ్లౌజులు, మోకాలి గార్డుల్లో ఎస్, ఎక్స్ఎస్ సైజులు దుకాణంలో తక్కువ, ఆన్‌లైన్‌లో తిరిగి పంపే వీలున్నచోట కొనడం మేలు.

డబ్బు పంపకం

5,000 మాత్రమే ఉంటే: 2,000 నుంచి 2,500కు మంచి ఐఎస్ఐ ఫుల్‌ఫేస్, 1,300కు తోలు అరచేతి గ్లౌజులు, వెయ్యికి సేఫ్టీ షూ. దీన్ని ఇంకా కుదించాల్సి వస్తే షూ తగ్గించండి, గ్లౌజులు తగ్గించకండి.

మా తమ్ముడి 12,000 ఇలా అయ్యాయి. హెల్మెట్ 4,500. గ్లౌజులు 1,800. సేఫ్టీ షూ 1,200. మోకాలి, మోచేతి గార్డులు 3,000. మిగిలిన 1,500 చూసి వాడు "ఇవి జాకెట్ కోసం దాచుకుంటనే" అన్నాడు. అక్కడ నేను ఆ 14,337 అంకె చెప్పాను. వారం వారం పిన్నిని కూర్చోబెట్టుకుని భద్రకాళి గుడికి తీసుకెళ్ళేది వాడే. ఆ 1,500తో పిన్నికి సరిపోయే సైజులో రెండో ఫుల్‌ఫేస్ కొన్నాం. పిన్ని మొదట "నాకెందుకురా, కొప్పు చెదురుతది" అంది. సైజు చూసి, తేలికైనది ఎంచి పెట్టాక ఇప్పుడు తనే అడిగి పెట్టుకుంటోంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళ సంగతి కూడా చూడండి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళలోపు పిల్లలకు పట్టీల హార్నెస్, హెల్మెట్, బండి 40 వేగం దాటకూడదన్న నియమం 2023 ఫిబ్రవరి నుంచి ఉంది.

20,000 దాకా పెట్టగలిగితే పై వరుసకే 7,000, 8,000 జాలీ జాకెట్, దాని వీపు జేబులోకి లెవెల్ 2 ప్యాడ్ కలపండి. రైనాక్స్, రైడా, సోలేస్ లాంటి మన దేశపు కంపెనీలవి ఈ ధరలో ఉన్నాయి. వానకు జాకెట్‌తో వచ్చే లోపలి పొర మీద ఆధారపడకండి. జాకెట్ గుడ్డంతా నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది. పైన వేసుకునే వెయ్యి రూపాయల రెయిన్‌కోటే సుఖం. సెకండ్‌హ్యాండ్ జాకెట్ కొనొచ్చు, హెల్మెట్‌లా కాదు. మోచేతులు, భుజాల దగ్గర కుట్లు రెండు వరుసలుగా గట్టిగా ఉన్నాయా, ఎక్కడైనా నేలకు రాసుకున్న మెరుపు ఉందా అన్నది వెలుతురులో చూసుకోండి, ప్యాడ్లు మాత్రం కొత్తవి వేయించుకోండి.

ఈ దసరాకి వాడు జాకెట్ డబ్బు పోగేశాడు. దుకాణానికి నన్నూ రమ్మంటున్నాడు. అద్దం ముందు నిలబడి చూసుకోవద్దని ముందే చెప్పాను. దుకాణం బయట బండి ఎక్కి, హ్యాండిల్ పట్టుకుని, మోచేతులు వంచి చూడాలి. మోచేతి ప్యాడు మోచేతి మీదే ఉండాలి, చేయి చాచినా ముంజేతికి జారకూడదు. నడుము వెనక జాకెట్ పైకి లేచి వీపు కనిపిస్తే ఆ సైజు వద్దు, ఇంకొకటి తెమ్మనాలి.